బిడ్డతోపాటు వచ్చు కుటుంబము

నర్సింగులో బి.ఎస్సీ. పట్టము పుచ్చుకొని, ఏదో యొక ఆసుపత్రిలో ఏడాదియో రెండేండ్లో రాత్రి డ్యూటీలకును పగటి డ్యూటీలకును అలవాటుపడి, ఇక పై చదువునకు పోవలెనని సంకల్పించిన యువతికి మొట్టమొదట ఎదురగు ప్రశ్న, ఏ శాఖను వరింపవలెననునది. (యువకులును ఈ వృత్తిలోనికి వచ్చుచున్నారు, వారికిని ఇవే మాటలు వర్తించును.) వైద్య శస్త్రచికిత్సలు, ప్రసూతి, శిశువులు, మనోవ్యాధులు, సామాజికారోగ్యము అను ఐదు ద్వారములు ఆమె యెదుట తెరచియుండును. వీనిలో శిశుశాఖను కోరినవారిని కారణమడిగినచో తరచుగా వినవచ్చు సమాధానము, "నాకు పిల్లలంటే చాలా ఇష్టమండీ" అనునదే. ఆ యిష్టమును నేను చులుకన చేయను. అది లేనివారు పిల్లల వార్డులో ఒక్క రాత్రి కూడ నిలువజాలరు. కాని దానినొక్కదానినే నమ్మి చేరినవారు కొలది దినములలోనే ఒక సంగతిని కనుగొందురు: ఏ బిడ్డయు ఒంటరిగా ఆసుపత్రికి రాదు. దానిని ఎత్తుకొని తల్లి వచ్చును. తల్లి వెనుక దుప్పటి, ఫ్లాస్కు, తాయెత్తు మొదలగు సరంజామాతో అమ్మమ్మ వచ్చును. బిల్లు కౌంటరునకును మందుల దుకాణమునకును నడుమ తిరుగుచు, బిడ్డకేమైనదో తనకెవ్వరును చెప్పకున్నారని లోలోపల కుములుచు తండ్రి వచ్చును. ఊరిలోనే యుండి సెల్‌ఫోనులో గంటకొకమారు వైద్యము చెప్పు మేనత్త కూడ ఒక విధముగా వచ్చినదే యగును. "పేషెంట్ తాలూకు వాళ్ళు" అని మనము ఒక్క మాటతో త్రోసిపుచ్చు ఈ సమూహమును చూచి విసుగుకొనువారు, పిల్లలను ఎంత ప్రేమించినను, ఈ శాఖకు తగినవారు కారు. పిల్లలయందు ప్రీతి గలవారు లోకమున కోకొల్లలు. పిల్లల నాయనమ్మలయందు కూడ ఓర్పు గలవారే ఈ విద్యకు అర్హులని నా నిశ్చితాభిప్రాయము.

నియమముల సంగతి క్లుప్తముగా చెప్పి సాగిపోయెదను, ఏలయన అవి ప్రవేశ ప్రకటనలలో దొరకును. 1947 నాటి చట్టముచే ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ననుసరించి ఎం.ఎస్సీ. నర్సింగు రెండేండ్ల చదువు. బి.ఎస్సీ. నర్సింగులో గాని పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ.లో గాని నూటికి 55 మార్కులకు తగ్గకుండ రావలెను. నర్సుగా నమోదై యుండవలెను. ఒక సంవత్సరపు సేవానుభవము చూపవలెను. మొదటి యేట విద్యాబోధన, ఉన్నత పరిచర్యా విధానము, పరిశోధనా గణాంకములు అనువానితోపాటు శాఖలోని మొదటి భాగమును, రెండవ యేట నిర్వహణశాస్త్రము, శాఖలోని రెండవ భాగము, డిసర్టేషన్ అనువానిని ముగింపవలెను. మన దేశమున నర్సులకు మాస్టరు పట్టము 1959లో ఢిల్లీలో, నేడు రాజకుమారి అమృతకౌర్ పేర నెగడుచున్న కళాశాలలో ప్రారంభమైనది. తెలుగునాట విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయమును, వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమును ఈ పట్టములను ఇచ్చుచున్నవి. సేవానుభవపు నిబంధనను గూర్చి మాత్రము ఒక మాట అధికముగా చెప్పవలసియున్నది. ఆ యేడాదిని సర్టిఫికెట్టు కొఱకు గడుపు దండుగ కాలముగా పలువురు తలంతురు. దానిని నవజాతశిశువుల ప్రత్యేక విభాగములో, అనగా మనమందఱము ఎస్.ఎన్.సి.యు. అని పిలుచుచోట, గడిపినవారికి ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరపు భయములో సగము అక్కడనే తీరిపోవును.

ఈ శాఖ చరిత్రను పాఠ్యపుస్తకములు ఒకటి రెండు పుటలలో ముగించును. నేను మాత్రము విద్యార్థినిని అక్కడనే కొంత తడవు నిలువుమని కోరెదను. ఇరువదవ శతాబ్ది మధ్యకాలము వరకు ఇంగ్లండులోని ఆసుపత్రులలో పిల్లల వార్డునకు తల్లిదండ్రుల రాక ఒక ఉపద్రవముగా పరిగణింపబడుచుండెను. వారు అంటువ్యాధులు తెత్తురనియు, వారు వచ్చిపోయిన పిదప పిల్లలు గుక్కపెట్టి యేడ్చి వార్డు క్రమమును చెఱతురనియు కారణములు చెప్పి, కొన్నిచోట్ల వారమునకొక్కమారు మాత్రమే చూడనిచ్చుచుండిరి. విడువబడిన బిడ్డ రెండు మూడు దినములు ఏడ్చి, అటుపిమ్మట మౌనము దాల్చుట చూచి, "అలవాటు పడింది" అని నర్సులు ఊపిరి పీల్చుకొనుచుండిరి. టావిస్టాక్ క్లినిక్కులో జాన్ బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఆ మౌనమును నమ్మలేదు. 1952లో ఆయన, చిన్న శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు ఆసుపత్రిలో ఉన్న రెండేండ్ల బాలిక నొకతెను కెమెరాలో పట్టి, ఆమె కన్నీటిని దిగమ్రింగుకొనుటకు పడిన యాతనను వైద్యుల యెదుట ప్రదర్శించినపుడు, వారిలో అనేకులు ఆ చిత్రమును చూచి కరగుటకు మాఱు మండిపడిరి. అయినను, 1959లో సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతన వెలువడిన నివేదిక తల్లిదండ్రుల రాకపై ఆంక్షలు తొలగింపవలెననియు, పసిపిల్లల తల్లులకు వార్డులోనే బస కల్పింపవలెననియు సిఫారసు చేసినది. 1988లో ఆన్ కేసీ అను నర్సు దీనినే ఒక సిద్ధాంతముగా మలచి, బిడ్డ సంరక్షణ సహజముగా కుటుంబముది, నర్సు ఆ కుటుంబమునకు చేతకానిదానిని తాను చేయుచు, చేతనగునట్లు నేర్పుచు, క్రమముగా వెనుకకు తొలగవలసిన భాగస్వామిని మాత్రమే యని ప్రతిపాదించినది. పరీక్షలో ఈ సిద్ధాంతమునకు పటము గీసి మార్కులు తెచ్చుకొనుట సులభము. ఆ పటములో నర్సు వెనుకకు తొలగు బాణపుగుర్తును వార్డులో ఆచరించుట మాత్రము మిక్కిలి కష్టము.

మన వార్డులలో అట్టి దుస్థితి యెన్నడును లేదని గర్వించువారు కలరు. నిజమే, ప్రభుత్వాసుపత్రిలో బిడ్డ మంచముప్రక్కన తల్లి లేకపోవుటను మనమెఱుగము, ఒక్కొక్కప్పుడు మంచము క్రింద కూడ చుట్టములు నిదురించుచుందురు. కాని ఉండుట వేఱు, పాలుపంచుకొనుట వేఱు. నెలలు నిండకుండ పుట్టిన బిడ్డ ఎస్.ఎన్.సి.యు. వార్మరు క్రింద ఉండగా, ఆ బిడ్డను కన్న తల్లి వరండాలో గోడకానుకొని కూర్చుండి, లోపలినుండి ఎవరైన తన పేరు పిలిచినచో అది పాలు పిండి యిమ్మనుటకో, మరణవార్త చెప్పుటకో తెలియక ఉలికిపడు దృశ్యము మనకు క్రొత్తది కాదు. ఢిల్లీలోని రామమనోహర్ లోహియా ఆసుపత్రిలో ఈ తల్లులకు చేతులు కడుగుకొనుట మొదలుకొని గొట్టముద్వారా పాలుపట్టుట వరకు నేర్పి లోపలికి రానిచ్చిన అనుభవమును ఆధారము చేసికొని, కేంద్రారోగ్య మంత్రిత్వశాఖ 2017లో కుటుంబ భాగస్వామ్య పరిచర్యకు మార్గదర్శక సూత్రములను వెలువరించినది. అంతకు ముందే, 1978లో, కొలంబియా రాజధాని బొగొటాలో ఇన్‌క్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే తల్లి రొమ్మునకు బిడ్డను కట్టి యుంచు పద్ధతిని ఆరంభించెను. కంగారూ మదర్ కేర్ అని ప్రసిద్ధి చెందినది అదియే. అది పేదలపాలిటి ప్రత్యామ్నాయమని చాలకాలము తలచిరి. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో కూడ ఐదు దేశములలో జరిగి 2021లో ప్రచురితమైన పరిశోధన, ఒక కిలోకు తక్కువ కాక 1.8 కిలోలకు లోపు బరువుతో పుట్టిన శిశువులను, స్థిమితపడువఱకు ఆగక, పుట్టినది మొదలు తల్లి యెదపై ఉంచినచో మొదటి 28 దినములలోని మరణములు నాలుగవ వంతు తగ్గునని నిరూపించినది. అందుకై ఆ ఆసుపత్రి తల్లి మంచమును నవజాతశిశువుల ఐ.సి.యు. లోపలికే తీసికొనిపోవలసివచ్చినది. ప్రసవవేళ తన పరిచారిక మరణించుటచే కలతచెందిన నీలోఫర్ రాకుమారి పేర హైదరాబాదులో వెలసిన ఆసుపత్రి, ఒక తల్లి మరణమునుండి పుట్టి నేడు బిడ్డల ఆసుపత్రిగా పేరు మోయుచుండుటను ఈ సందర్భమున స్మరింపవచ్చును. తల్లిని ఒక శాఖకును, బిడ్డను మఱియొక శాఖకును పంచిపెట్టినది మన సౌకర్యమేగాని ప్రకృతి కాదు.

ఇక చదువు పద్ధతి. శిశుశాఖలో అంకెలు నోటికి రావలెను. అందులో రాయితీ లేదు. రెండు నెలలలోపు బిడ్డ నిమిషమునకు 60 మార్లు, రెండు నెలలనుండి సంవత్సరములోపు 50, ఐదేండ్లలోపు 40, లేక అంతకు మించి ఊపిరి తీసినచో అది వేగశ్వాస. ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లల దండచుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో తీవ్ర పోషకాహారలోపము. మొదటి పది కిలోలకు కిలోకు 100 మి.లీ., తరువాతి పదికి 50, ఆపైన 20 అను దినసరి ద్రవముల లెక్క 1957 నాటిదైనను నేటికిని నిత్యోపయోగము. వీనినెల్ల కంఠస్థము చేయుట బి.ఎస్సీ. పని, ఈ యంకెలు ఇంటి గుమ్మము దాటిన తరువాత ఏమగుచున్నవో కనిపెట్టుట ఎం.ఎస్సీ. పని. ఒక్క ఉదాహరణము చాలును. ఎనిమిది కిలోల బిడ్డకు జ్వరము. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 120 మిల్లీగ్రాములు. సిరప్పు 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములు ఉండునదైనచో ఐదు మిల్లీలీటర్లకు కొంచెము తక్కువ, చుక్కల మందైనచో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుండును గనుక 1.2 మి.లీ. ఈ లెక్కలో మన విద్యార్థినికి నూటికి నూరు మార్కులు వచ్చును. కాని ఇంటిలో సిరప్పు సీసా అయిపోయి, దుకాణమువాడు చుక్కల సీసా నిచ్చి, అమ్మమ్మ "మొన్న మూతెడు పోశాం గదా" అని అదే మూతతో ఐదు మిల్లీలీటర్లు పట్టినచో, బిడ్డ కడుపులో పడునది 500 మిల్లీగ్రాములు, అనగా ఉచిత మోతాదునకు నాలుగింతలకు పైమాట. దీనిని నివారించునది క్యాలిక్యులేటరు కాదు. ఇంటికి పంపునపుడు రెండు సీసాలను పక్కపక్కన పెట్టి, మందుపట్టు మనిషి చేతనే, అది తల్లి కావచ్చు అమ్మమ్మ కావచ్చు, మన కన్నుల యెదుట గొట్టములోనికి లాగించి చూచిన ఆ రెండు నిమిషములే. "అర్థమైందా అమ్మా?" అని అడిగినచో ఎవరైనను తల ఊపుదురు, ఆ ప్రశ్నను నిఘంటువునుండియే తీసివేయవలెనని నాకు తోచును. "రాత్రి జ్వరమొస్తే ఏం చేస్తారో నాకు చేసి చూపించండి" అనునది దాని స్థానమున నుండదగిన మాట.

అట్లే, కుటుంబము మనకు చెప్పు భాషను చెవియొగ్గి వినుట కూడ ఒక క్లినికల్ నైపుణ్యమే. "డొక్కలు ఎగరేస్తున్నాడమ్మా" అని తల్లి పరుగున వచ్చినపుడు, ఆమె న్యుమోనియాలోని గుండెగూడు లోపలికి పోవుటను పుస్తకముకంటె స్పష్టముగా చెప్పుచున్నది. "మాడు గుంట పడింది" అన్నచో నిర్జలీకరణమును గుర్తించినది. ఇట్టి మాటలను కేస్ షీటులో ఆంగ్లమునకు మార్చునపుడు సగము పోవును గనుక, వినినది వినినట్లు తెలుగులో వ్రాసికొను చిన్న నోటుపుస్తకమొకటి ఏప్రాన్ జేబులో ఉంచుకొనుట మేలు. అది రెండేండ్లలో పాఠ్యగ్రంథములకు సరితూగు సంపద యగును.

నాయనమ్మల ప్రసక్తి మరల తెత్తును, ఏలయన ఈ వృత్తిలోని సౌజన్యమెల్ల అక్కడనే పరీక్షింపబడును. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయుట, పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయుట, ఆముదపు చుక్కలు పోయుట, కన్నులకు కాటుక, గదినిండ సాంబ్రాణి పొగ, నూనెతో ఒళ్లు రుద్దుట, అరికాలికి దిష్టిచుక్క, మొలతాడు: వీనినన్నిటిని ఒకే గాటకట్టి "మూఢాచారములు" అను శీర్షిక క్రింద చార్టు వ్రాయు విద్యార్థిని వానిని గూర్చి ఏమియు తెలిసికొనలేదనియే చెప్పవలెను. వీనిలో మొదటి మూడును ప్రాణాపాయమునకు దారితీయగలవు; తేనెలోని సూక్ష్మబీజము ఏడాదిలోపు బిడ్డకు బొట్యులిజమును కలిగింపవచ్చును, ఆముదము ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కాటుకలో సీసముండు ప్రమాదమును, సాంబ్రాణి పొగ పసి ఊపిరికి చేయు చెఱుపును వివరించి చెప్పవలసినవే. ఒళ్లు రుద్దుట మెత్తని చేతితో చేసినచో మేలే. దిష్టిచుక్కతో మనకు తగవెందులకు? అన్నిటిమీదను యుద్ధము ప్రకటించిన నర్సు ఏ యొక్కదానిలోను గెలువదు. 

"మా అయిదుగురికీ ఆముదం పోసే పెంచాం సిస్టరమ్మా, ఒక్కరికీ ఏం కాలేదు" అని పెద్దావిడ అన్నపుడు, "అలా చేయకూడదండీ, చాలా డేంజర్" అని బదులిచ్చి చరచర వెడలిపోవువారిని వార్డులో దినమును చూచుచుందుము. ఆముదపు సీసా ఆ సాయంకాలమే తలగడ క్రిందినుండి వెలికివచ్చును. మఱియొక మార్గము కలదు: "అయిదుగురిని పెంచినవారు, మీకు నేను చెప్పేదేముందమ్మా. కానీ వీడు నెల ముందే వచ్చేశాడు, రెండు కిలోలు కూడా లేడు. మింగడం ఇంకా సరిగా రాలేదు, పోసింది ఊపిరిలోకి పోతే మన చేతుల్లో ఉండదు. ఆరు నెలలదాకా అమ్మపాలు తప్ప ఏదీ వద్దు. మీ కోడలు రాత్రుళ్ళు లేవలేకపోతోంది, పాలు పట్టగానే వీణ్ణి మీ గుండెకానించి పడుకోబెట్టుకునే పని మాత్రం మీదే." ఇందులో నిషేధమున్నది, దానికి హేతువున్నది, అంతకంటె ముఖ్యముగా ఆమెకొక అధికారమున్నది. పనిలేకుండ చేయబడిన పెద్దలే చాటుగా వైద్యము చేయుదురని నా అనుమానము.

పెద్దలు పొరబడినట్లే మన వృత్తియు పొరబడినదని విద్యార్థిని మఱవరాదు. న్యూజీలాండులోని డునెడిన్ నగరమున 1907లో ట్రూబీ కింగ్ దంపతులు నెలకొల్పిన ప్లంకెట్ సంఘము శిశుపరిచర్యా చరిత్రలో గొప్ప పేరు గన్నది. దాని నర్సులు ఇంటింటికి పోయి తల్లులకు నేర్పిన శుచిత్వము లెక్కలేనంత మేలు చేసినది. ఆ చేతులతోనే, గడియారము చూచి నాలుగు గంటలకొకమారు మాత్రమే పాలియ్యవలెననియు, రాత్రులు ఇయ్యనే కూడదనియు, ఏడ్చినంతమాత్రమున ఎత్తుకొనరాదనియు కూడ నేర్పిరి. నేడు ఆ నియమములను ఏ పాఠ్యగ్రంథమును సమర్థింపదు. ఆనాడు నర్సు కన్నుగప్పి బిడ్డను ఎత్తుకొని పాలిప్పించిన నాయనమ్మలదే సత్యమని తేలినది. మనము నేడు చెప్పుచున్న దానిలో ఏది రేపు తప్పుగా తేలునో గాని, చెప్పు స్వరములో కొంత వినయముంచుకొనుట క్షేమము.

వార్డులో నేర్వజాలనిది ఇంటిలో నేర్వవలెను. శిశుశాఖ విద్యార్థినులను పల్లెలకు పంపుట సామాజికారోగ్య శాఖవారి పని యని కొందఱు అధ్యాపకులు తలంచుట మన దురదృష్టము. ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డ యింటికిని ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో పోవలసియున్నది. ఈ పథకమునకు మూలము తెలంగాణ సరిహద్దునకు ఆవల నున్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చేసిన ప్రయత్నము. గ్రామస్త్రీలకే శిక్షణ యిచ్చి 39 పల్లెలలో నవజాతశిశు మరణములను నూటికి 62 వంతులు తగ్గించితిమని 1999లో లాన్సెట్ పత్రికలో వారు ప్రకటించిరి. సెలవు దొరకినపుడు ఒక ఆశా కార్యకర్త వెంట ఆ ఆరు దినములును ఒకే యింటికి పోయి రమ్మని నా సలహా. ఏడవనాటికి ఆ యింటిలో నీరు ఎక్కడ కాచుదురో, బిడ్డ ఎవరి ప్రక్కన పండుకొనునో తెలియును. ఇరువదియొకటవనాటికి ఆసుపత్రికి పోవలెనా వద్దా యని తేల్చునది తల్లి కాదనియు, తండ్రి కూడ కాదనియు, పొలమునుండి సాయంకాలము వచ్చు మామగారనియు తెలియును. నలువదిరెండవనాటికి, అడుగకుండగనే, తల్లి తన నిదురలేమిని గూర్చి మాటలాడుట మొదలుపెట్టును. కెనడాలోని కాల్గరీలో లోరేన్ రైట్, మౌరీన్ లేహీ అను ఇద్దఱు నర్సులు 1984లో గ్రంథస్థము చేసిన కుటుంబ పరిశీలనా విధానమున మూడు తరముల బంధుత్వమును గీతలతో గుర్తించు పటమొకటి కలదు. దానిని ఆ యింటి చాపపై కూర్చుండి, ఇంటివారిచేతనే చెప్పించుకొనుచు గీసినచో, తరగతిలో అర్థము కానిది అరగంటలో అర్థమగును. మన యిండ్లలో ఆ పటము కాగితము చాలక ప్రక్క పుటకు ప్రాకుననునది వేఱుమాట.

డిసర్టేషన్ విషయమున నేను కొంత నిష్ఠురముగా మాటలాడవలసియున్నది. "ఎంపిక చేసిన ఆసుపత్రిలో ఫలానా విషయమై తల్లుల పరిజ్ఞానముపై నిర్మిత బోధనా కార్యక్రమము యొక్క ప్రభావము" అను శీర్షికలో ఫలానా యను చోట అతిసారమనియో, టీకాలనియో, చనుబాలనియో పూరించి బైండు చేయించిన గ్రంథములతో మన కళాశాలల బీరువాలు నిండియున్నవి. సోమవారము ప్రీ టెస్టు, ఆ వెంటనే ఫ్లాష్ కార్డులతో పాఠము, వారమునకు పోస్ట్ టెస్టు. చెప్పినదానిని వారము తిరుగకుండ అడిగినచో మార్కులు పెరుగక ఏమగును? టి-విలువ గణనీయమని తేలును, పట్టము వచ్చును, తల్లి మాత్రము ఎప్పటివలెనే ముర్రుపాలు పిండి పారబోయుచుండును. పరిజ్ఞానమును కొలుచుట సులభము గనుక కొలిచితిమే గాని అది లోపించినందున కొలువలేదు. ఆచరణను కొలువుడు, ఆచరణకు అడ్డువచ్చుదానిని వెదకుడు. కంగారూ పద్ధతి తెలిసిన తల్లి దినమునకు ఎన్ని గంటలు బిడ్డను ఎదపై ఉంచుకొనుచున్నది, ఉంచుకొనలేనపుడు కారణమేమి: వాలుకుర్చీ లేకనా, తనకు అన్నము తెచ్చువారు లేకనా, ఇంటివద్ద పెద్దబిడ్డను చూచువారు లేకనా, లేక పురుషవైద్యుల రాకపోకల నడుమ రవిక తీయుటకు సిగ్గుపడియా? ముప్పదిమంది తల్లులతో ఓపికగా మాటలాడినచో దీనికి ఉపయోగపడు సమాధానము దొరకును. ఇంకొక ప్రశ్న: 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి అరువది ప్రసవములు శస్త్రచికిత్సతోనే జరుగుచున్నవి. కోత పూర్తియగువఱకు బిడ్డను ఆపరేషన్ థియేటరు వెలుపల బంధువుల చేతిలో పెట్టుట మన వాడుక. ఆ గంటలో ఆ బిడ్డ నోటిలో ఏమి పడుచున్నది, ఎవరు పెట్టుచున్నారు, అక్కడ నిలిచియుండవలసిన నర్సు ఎక్కడ నున్నది? దీనికై పెద్ద నిధులు అక్కరలేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లుల సమ్మతి, థియేటరు తలుపు వద్ద నిలుచు ఓపిక చాలును. ప్రశ్నావళిని ఆంగ్లమున వ్రాసి తెలుగులోనికి దించుట కంటె, మొదటనే తెలుగున వ్రాసి నలుగురు తల్లులకు చదివి వినిపించి సరిచూచుకొనుట మేలని వేఱుగ చెప్పనక్కరలేదు.

విదేశములకు పోగోరువారికి నాలుగు మాటలు. మన దేశమున శిశుశాఖ ప్రధానముగా ఆసుపత్రి శాఖ; ఆస్ట్రేలియాలో శిశు కుటుంబారోగ్య నర్సు అనునది ప్రత్యేక ఉద్యోగము. విక్టోరియా రాష్ట్రమున ప్రతి బిడ్డను పుట్టినప్పటినుండి మూడున్నర యేండ్ల వఱకు నిర్ణీత వయసులలో పదిమార్లు, అందు మొదటిమారు ఇంటికే పోయి, ఆ నర్సు చూచును. మన ఎం.ఎస్సీ. చేతనున్నంత మాత్రమున ఆ కొలువు దొరకదు; ఎన్‌క్లెక్స్ పరీక్షయు, ప్రత్యక్ష పరీక్షయు దాటి అక్కడ నర్సుగా నమోదై, పిదప అక్కడి గ్రాడ్యుయేట్ డిప్లొమా వంటి చదువును పూర్తిచేయవలెను; విక్టోరియాలో దానికి తోడు ప్రసూతి నర్సుగా వేఱు నమోదును కోరుచు వచ్చిరి. శ్రమ పెద్దదే. అయినను అక్కడ తెలుగు నర్సుకు ఇతరులకు లేని యెఱుక యొకటి యుండును. బాలింతల మనోవ్యాకులతను గుర్తించుటకు 1987లో ఎడిన్‌బరోలో రూపొందిన పది ప్రశ్నల పత్రమును అక్కడి నర్సులు విరివిగా వాడుదురు. దాని చివరి ప్రశ్న తన్ను తాను హింసించుకొను తలపును గూర్చినది. కాన్పునకు సహాయముగా విజిటర్ వీసాపై వచ్చిన అత్తగారో తల్లియో సోఫాలో ప్రక్కనే కూర్చుండియుండగా ఆ పత్రము నింపిన తెలుగు కోడలు అన్నిటికిని తనకే బాధయు లేదన్నట్లే గుర్తుపెట్టునని ఆ దేశపు నర్సుకు వెంటనే స్ఫురింపకపోవచ్చును. తెలిసిన నర్సు మొదట పెద్దావిడను బిడ్డ స్నానపు తొట్టి చూపింపుమని లోపలికి పంపును, లేదా టీ యడుగును.

ఇక కళాశాలలో చేరుటకు ముందు అడిగి తెలిసికొనవలసిన సంగతులు. భవనము, హాస్టలు, ప్లేస్‌మెంటు అను వానిని అందఱును అడుగుదురు. ఆ కళాశాలకు స్వంత పిల్లల వార్డు కలదా, లేక పోస్టింగులకై ఊరిలోని నాలుగు ఆసుపత్రుల చుట్టును బస్సులో త్రిప్పుదురా యని అడుగుడు. అధ్యాపకురాలు పాఠము చెప్పిన పిదప వార్డునకు వచ్చి రోగియైన బిడ్డను చేతితో తాకునా, లేక హాజరు పట్టీతో ద్వారమువద్దనే నిలుచునా యని పై సంవత్సరపు విద్యార్థినులను చాటుగా అడుగుడు. గడచిన మూడేండ్ల డిసర్టేషన్ల శీర్షికలను గ్రంథాలయమున చూచి రండు. ఎస్.ఎన్.సి.యు. తలుపు తల్లులకు ఏ వేళలలో తెరచుదురో అక్కడి గోడమీది బోర్డును చదువుడు. తండ్రిని లోనికి రానిత్తురా యని కాపలాదారునడుగుడు, అతనికి ప్రిన్సిపాలునకంటె సరిగా తెలిసియుండును. చివరిగా, స్టైపెండు ఇత్తురో లేదో వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు. ఆ యొక్క విషయమున మాటను నమ్మి చేరి, రెండవ యేట ఫీజు కట్టలేక రాత్రులు ప్రైవేటు నర్సింగు హోములో పనిచేయుచు పగలు డిసర్టేషన్ వ్రాయువారికి, పైన చెప్పిన వానిలో దేనికిని తీరిక యుండదు.